చిరిగిన కారు సీటుకు కవరు మందు కాదు: జె.సి. రోడ్డు కుషన్ దుకాణంలో మా అనుభవం

మాది 2015లో కొన్న డిజైర్ కారు, లేత గోధుమరంగు గుడ్డ సీట్లు. ఇంజిన్ ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. డ్రైవరు సీటు కుడి అంచు మాత్రం, అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొడ ఒరుసుకునే ఆ ఉబ్బెత్తు భాగం, మూడేళ్ల కిందట కుట్టు వెంబడి విడిపోవడం మొదలైంది. మొదట చిటికెనవేలు పట్టేంత సందు మాత్రమే ఉండేది. ఈ వేసవి వచ్చేసరికి అది జానెడు చిరుగైంది, లోపలి స్పాంజి పసుపు పొడిగా రాలి నాన్నగారి ప్యాంటుకు అంటుకోసాగింది. ఆయనకు 71 ఏళ్లు. బెంగళూరు హూడిలోని మా ఇంటి నుంచి గుడికీ, కూరగాయల మార్కెట్టుకూ ఇప్పటికీ తానే కారు నడుపుకుంటూ వెళ్తారు. కారు దిగిన ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి బట్టలు దులుపుకోవడం చూస్తూ ఉండటం నాకు కష్టంగా అనిపించేది.

ఆ చిరుగును బాగుచేయడానికి మేము మూడు పొరపాట్లు చేశాం. ఇంకెవరూ ఆ దారిన పోకూడదని వాటిని ముందే చెబుతున్నాను. మొదటిది, చిటికెలో అతుక్కునే గమ్ తెచ్చి మా వారు రెండు అంచులనూ కలిపి అతికించడం. ఆ గమ్ ఆరాక గాజు పెంకులా బిగుసుకుంటుంది, సీటు గుడ్డేమో మనిషి కూర్చున్న ప్రతిసారీ సాగుతుంది. గట్టిపడిన చోట సాగక, పక్కనున్న మెత్తని చోటే చిరిగింది, దాంతో ఒక్క చిరుగు రెండైంది. రెండవది, ఇంటికి దగ్గరలోని ఒక దుకాణంలో 7,000 రూపాయలు పెట్టి సీట్లన్నిటికీ రెగ్జిన్ కవర్లు తొడిగించడం. చిరుగు కంటికి కనబడకుండా పోయింది గనుక బాగైందనే అనుకున్నాం. కవరు కింద స్పాంజి అరుగుతూనే ఉంది, పైగా ఒకసారి ఒలికిన కాఫీ కవరు కుట్ల గుండా లోపలికి దిగి, గాలి తగలక ముక్కిపోయి, వానాకాలమంతా కారులో ముక్కిన వాసన నిలిచిపోయింది. మూడవది, ఇంటికే వచ్చి అతికించి వెళ్తామని చెప్పిన ఒక సేవ. ఇద్దరు కుర్రవాళ్లు వచ్చి, ఇస్త్రీపెట్టెలాంటి పరికరంతో వెనక జిగురున్న గుడ్డముక్కను వేడిచేసి అంటించి, ముప్పావు గంటలో 1,200 రూపాయలు తీసుకుని వెళ్లారు. ఎనిమిదో రోజుకు దాని మూల లేచింది.

ఇన్ని తిప్పలు పడ్డాక మా ఆఫీసులో ఒక పెద్దాయన జె.సి. రోడ్డుకు వెళ్లమని సలహా ఇచ్చారు. బెంగళూరులో ఉండే తెలుగువారికి ఈ రోడ్డు కొత్త కాదు. టౌన్ హాలు నుంచి రవీంద్ర కళాక్షేత్రం మీదుగా మినర్వా సర్కిల్ దాకా, దాని పక్క సందుల్లోనూ, సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు, స్టీరియోలు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. కారు కాస్త నెమ్మదించిందంటే చాలు, కుర్రవాళ్లు అద్దం దగ్గరికి వచ్చి తమ దుకాణానికి రమ్మని పిలుస్తారు. ఆ పిలుపులకు ఆగితే చేతికి వచ్చేది కవర్ల కేటలాగే. చిరుగు చూపించి బాగుచేస్తారా అని అడిగితే నాలుగింట మూడు చోట్ల కొత్త సెట్టు వేయించుకోమనే చెప్పారు. వారిని తప్పుపట్టలేను, వారి వ్యాపారం కవర్లు అమ్మడం. మాకు కావలసింది కుషన్ పని చేసే మేస్త్రీ. అటువంటివారు రోడ్డు మీద కాకుండా సందుల్లో, చిన్న రేకుల షెడ్లలో ఉంటారు.

మాకు దొరికిన దుకాణం అటువంటిదే. పది అడుగుల వెడల్పు ఉంటుంది, అందులో రెండు కుట్టు మిషన్లు, ఒక పొడవాటి చెక్కబల్ల, పైన అటక మీద స్పాంజి దిమ్మలు. ఇద్దరే మనుషులు: మేస్త్రీగారు, ఆయన మేనల్లుడు. దుకాణం పేరు మాత్రం రాయవద్దని ఆయనే కోరారు. ఒకేసారి పది కార్లు వచ్చి నిలబడితే తొందరలో పని చెడుతుందని ఆయన భయం. ఆ మాటను మన్నిస్తూ, మీరు ఏ ఊళ్లో ఏ మేస్త్రీ దగ్గరికి వెళ్లినా ఏమి అడగాలో, ఏమి చూసుకోవాలో తెలిసేలా ఈ పనిని వివరంగా రాస్తున్నాను.

మేస్త్రీగారిది మదనపల్లె ప్రాంతం, వయసు యాభై దాటింది. మా మాట వినగానే తెలుగులోకి వచ్చేశారు. ఆయన ముందుగా చిరుగును చూడలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, దిగి, మళ్లీ కూర్చుని, మళ్లీ దిగారు. తర్వాత వంగి కుడి అంచును బొటనవేలితో నొక్కి, నా వైపు తిరిగి, "అమ్మా, ఈ బండి నడిపే పెద్దాయనకు మోకాళ్ల నొప్పులుండాయా?" అని అడిగారు. నాన్నగారు అప్పటికి ఆయన కంట పడనే లేదు, రోడ్డు అవతల టీ తాగుతున్నారు. నేను ఆశ్చర్యపోయి ఎలా తెలిసిందని అడిగితే ఆయన ఇలా వివరించారు. మోకాళ్లలో బలం ఉన్నవారు కాలు బయట మోపి లేచి నిలబడతారు, వారి సీటు మధ్యభాగం దగ్గర అరుగుతుంది. మోకాళ్లు సహకరించనివారు బరువంతా సీటు అంచు మీద మోపి, దాని మీదుగా జారి దిగుతారు. అప్పుడు అంచులోని స్పాంజి కింది ఇనుప చట్రానికి గీసుకుని నలిగిపోతుంది. స్పాంజి కుంగితే పైగుడ్డ వదులవుతుంది, వదులైన గుడ్డ ముడత పడుతుంది, ఆ ముడత మీద ప్రతిరోజూ ఒరిపిడి పడి చివరికి కుట్టు దగ్గర తెగుతుంది. "గుడ్డ చివరాఖరుకు చినుగుతాదమ్మా. జబ్బు లోపల ఎప్పుడో మొదలై ఉంటాది" అన్నారు. మూడేళ్లుగా మేము పైపైన ఎన్ని అతుకులు వేసినా ఎందుకు నిలవలేదో ఆ ఒక్క మాటతో అర్థమైంది.

పని ఎలా చేస్తారో చూడాలని ఉందంటే ఆయన అభ్యంతరం చెప్పలేదు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కాసేపు ఆగి, సీటు కింది ప్లగ్గు ఊడదీసి, నాలుగు బోల్టులు విప్పి సీటును బయటకు తీశారు. దాన్ని బల్ల మీద బోర్లించి, గుడ్డను అడుగున చట్రానికీ, లోపల స్పాంజికీ పట్టి ఉంచిన ఇనుప రింగులను కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్కటిగా తుంచారు. నేను లెక్కపెట్టాను, కూర్చునే భాగానికే 22 రింగులున్నాయి. లోపలి రింగులు గుడ్డ వెనక గొట్టంలాంటి మడతలో దూర్చిన సన్నని తీగను స్పాంజిలోని తీగతో కలిపి బిగిస్తాయి. సీటుకు ఆ లోతైన గీతలు, ఆ నిండైన ఆకారం వచ్చేది వీటివల్లే. పైన తొడిగే కవర్లకు ఈ ఏర్పాటు ఉండదు గనుకనే అవి ఎంత ఖరీదైనవైనా కొన్నాళ్లకు జారి పోగుపడతాయి.

గుడ్డ తీసేసరికి లోపల పదేళ్ల సంసారం కనిపించింది. ఒక రూపాయి బిళ్ల, అక్షరాలు చెరిగిపోయిన ఒక టోల్ చీటీ, వాటి మధ్య కారు కొన్న రోజు వాహన పూజలో చల్లిన అక్షింతలు. నాన్నగారు ఆ గింజలను ఏరి రుమాలులో కట్టుకున్నారు. స్పాంజి కుడి అంచు మాత్రం ఎలుక కొరికినట్టు బొటనవేలు లోతున తినేసి ఉంది, దాని కింద చట్రపు అంచు రాసుకుని రాసుకుని వెండిలా మెరుస్తోంది. మిగతా చట్రమంతా నల్ల రంగుతో ఉండి, ఆ ఒక్క బెత్తెడు మేర తళతళలాడుతుంటే, జబ్బు ఎక్కడ ఉందో వేరే చెప్పనక్కర్లేకపోయింది. మా వారు పెట్టిన గమ్ కూడా చిన్న రాళ్లలా గడ్డకట్టి గుడ్డ వెనక అలాగే ఉంది.

స్పాంజి మొత్తం మార్చాలంటారేమో అనుకున్నాను. అవసరం లేదన్నారు. కంపెనీ స్పాంజి అచ్చులో పోసి తయారుచేసింది, నడుమూ తొడలూ ఆనే ఆకారం దానికి ఉంటుంది, బజారులో దొరికే దిమ్మను కోసి ఆ ఆకారం తేవడం కష్టం. బాగున్న భాగాన్ని ఉంచుకుని చెడినంత మేర తీసేయడమే సరైన పద్ధతి. ఆయన పొడవాటి కత్తితో పొడిపొడిగా ఉన్న అంచును తిన్నగా కోసేసి, ఆ ఖాళీలో రీబాండ్ స్పాంజి, అంటే తుక్కు స్పాంజిని ముక్కలు చేసి ఒత్తి తయారుచేసే గట్టి రకాన్ని, అతికించారు. రెండు ముఖాలకూ రబ్బరు గమ్ పూసి, వేలు పెట్టి చూస్తే అంటుకోనంత వరకు పావుగంట ఆరనిచ్చి, అప్పుడు ఒత్తిపట్టారు. తడిగా ఉండగానే కలిపేస్తే ఆ అతుకు నిలవదట. ఆరాక గరుకు కాగితంతో రుద్ది గుండ్రదనం తెచ్చి, పైన వేలెడు మందం మెత్తని పొర వేశారు, కూర్చునేవారికి గట్టిదనం తగలకుండా ఉండేందుకు.

ఇక్కడ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. దుకాణాల్లో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని చెబుతుంటారు, ఆ అంకె పెద్దదైతే స్పాంజి గట్టిగా ఉంటుందని మనం అనుకుంటాం. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క మాత్రమే. 40 డెన్సిటీలో మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. ఎక్కువ డెన్సిటీ ఉన్నది ఎక్కువ కాలం కుంగకుండా ఉంటుంది, గట్టిదనం వేరే గుణం. కాబట్టి డెన్సిటీ అడగడంతోపాటు చేత్తో నొక్కి, వదిలాక ఎంత చురుగ్గా పైకి లేస్తుందో కూడా చూసుకోవాలి.

అన్నిటికంటే నాకు నచ్చిన పని ఆ తర్వాత చేశారు. మెరుస్తున్న చట్రపు అంచు మీద మందపాటి కంబళి పట్టీ ఒకటి, దాని మీద కాన్వాసు గుడ్డ ఒకటి చుట్టి కట్టారు. బిల్లులో ఈ పనికి వేరే ధర వేయలేదు. సీటు బిగించాక అది ఎవరికీ కనబడదు కూడా. ఆ పట్టీ లేకపోతే కొత్త స్పాంజికీ పాతదానికి పట్టిన గతే పడుతుంది. కనబడని చోట ఏమి చేశారన్నదే ఈ పనిలో మేస్త్రీని కొలిచే కొలత అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే, వీలైతే సీటు విప్పినప్పుడూ, మళ్లీ బిగించే ముందూ దగ్గరుండి చూడండి.

గుడ్డ విషయానికి వస్తే, నేను రెగ్జిన్ వేయించుకుందామా అని అడిగాను. తుడిస్తే పోతుంది గదా అన్నది నా ఆలోచన. రెగ్జిన్ అన్న మాట ఒకప్పుడు ఇంగ్లండులో తోలును పోలిన గుడ్డ తయారుచేసిన ఒక కంపెనీ పెట్టుకున్న వ్యాపారనామం. మన దేశంలో అది ఆ జాతి సరుకంతటికీ పేరైపోయింది. ఇప్పుడు మనం రెగ్జిన్ అంటున్నది గుడ్డ మీద పీవీసీ అనే ప్లాస్టిక్ పూత పూసినది. ఆ పూతను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఎండ వేడికి మెల్లమెల్లగా బయటకు పోతుంది, దాంతో కొన్నేళ్లకు అది బిరుసెక్కి పగులుతుంది. పీయూ (పాలియురేథేన్ అనే మరో ప్లాస్టిక్ పూత) అని అమ్మే రకం చేతికి మెత్తగా, తోలులాగే ఉంటుంది గానీ నాసిరకమైనదైతే గాలిలోని తేమకు పూత పొరలుగా ఊడుతుంది. అసలు తోలును జాగ్రత్తగా చూసుకోవాలి, ధర సంగతి చెప్పనక్కర్లేదు. ఇన్ని చెప్పి మేస్త్రీగారు, రోజూ ఒరిపిడి పడే ఈ అంచుకు గుడ్డే మేలనీ, మిగతా సీటు గుడ్డయి ఉండగా ఒక్క అంచు రెగ్జిన్ అయితే రెండూ వేరువేరుగా సాగి కలిసిన చోట మళ్లీ ముడత పడుతుందనీ అన్నారు. ఖరీదైన సరుకు అంటగట్టే అవకాశం చేతిలో ఉండగా చవకైనదే సరిపోతుందని చెప్పిన మనిషిని నమ్మకుండా ఎలా ఉంటాం?

రంగు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. పదేళ్లు ఎండకు వెలిసిన గుడ్డకు సరిపోయే కొత్త గుడ్డ ఎక్కడా దొరకదు. ఆయన నాలుగు ముక్కలు తెచ్చి, దుకాణంలో ట్యూబ్‌లైటు కింద చూడనివ్వకుండా, రోడ్డు మీద ఎండలో సీటు పక్కన పెట్టి చూపించారు. దగ్గరగా వచ్చినది కూడా ఒక చాయ ముదురుగానే ఉంది. అప్పుడాయన, కుడి అంచు ఒక్కటే మారిస్తే మాసికలా కనబడుతుంది, ఎడమ అంచు కూడా అదే గుడ్డతో మారిస్తే చూసేవారికి సీటు తీరే అంత అనిపిస్తుంది అన్నారు. ఖర్చు 500 రూపాయలు పెరుగుతుందనీ, వద్దంటే పని నాణ్యతలో ఏ తేడా ఉండదనీ ముందే చెప్పారు. మేము రెండు వైపులా మార్పించుకున్నాం, ఆ నిర్ణయం మంచిదైంది.

ఎడమ అంచు విప్పడంవల్ల ఇంకో మేలు కూడా జరిగింది. చిరిగిన ముక్క సాగి, నలిగి, కొలత తప్పి ఉంటుంది. దాన్నే నమూనాగా పెట్టి కోస్తే కొత్త ముక్క కూడా వదులుగానే వస్తుంది. ఆయన చెడని ఎడమ ముక్క కుట్లు బ్లేడుతో విప్పి, దాన్ని తిరగేసి పరచి, కుడి వైపు ముక్కను దాని ప్రకారం గీసి కోశారు. గీసే ముందు గుడ్డను అటూ ఇటూ లాగి ఏ వైపు ఎక్కువ సాగుతుందో చూసి, ఆ సాగుడు సీటు అడ్డానికి వచ్చేలా పెట్టారు. పాత ముక్క మీద ఉన్న చిన్నచిన్న కత్తెర గాట్లను కూడా కొత్తదానిపై అదే చోట పెట్టారు. కుట్టేటప్పుడు ఆ గాటుకు ఈ గాటు కలిస్తేనే వంపు మెలిపడకుండా వస్తుంది. జాకెట్టు చేతులు చంకకు కుట్టడం తెలిసిన ఆడవాళ్లందరికీ ఈ సంగతి కొత్తగా ఉండదు.

కొత్త గుడ్డ వెనక పలుచని స్పాంజి పొర అంటించి, కుట్టు మిషను మీదికి తీసుకున్నారు. ఇంట్లో బట్టలు కుట్టే మిషనులో కింది పళ్లు మాత్రమే గుడ్డను ముందుకు జరుపుతాయి, అందువల్ల మందమైన రెండు పొరలు కుడితే పైపొర వెనకపడి ముడతలొస్తాయి. వీరి మిషనులో పైనున్న పాదం కూడా గుడ్డతో కలిసి అడుగులు వేస్తుంది. ఇక దారం. నేను అడగకుండానే దారపు కండె చేతికిచ్చి తెంపి చూడమన్నారు. తెగలేదు, వేలు కోసుకుపోయేలా ఉంది. అది పాలిస్టర్ దారం. నూలు దారం చెమటకూ ఎండకూ చివికిపోతుంది. నైలాను చాలా బలమైనదే గానీ ఎండ తట్టుకోవడంలో పాలిస్టరే నయం. కుట్టు ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టి అన్నది కూడా అపోహేనట. అంగుళానికి ఆరేడు కుట్లు చాలు. అంతకంటే దట్టంగా వేస్తే, ముఖ్యంగా రెగ్జిన్ మీద, సూది బెజ్జాలు తపాలా బిళ్ల అంచులా వరుసకట్టి, అక్కడే చిరగడానికి దారి చేస్తాయి. చిరిగిన రెగ్జిన్‌ను రెండు అంచులూ కలిపి కుట్టేస్తే నిలవకపోవడానికి కారణం కూడా ఇదే, ఆ ముక్క మొత్తం మార్చవలసిందే. నేను టేపు పెట్టి చూశాను, మా సీటు మీద అంగుళానికి సరిగ్గా ఏడు కుట్లున్నాయి.

లోపాలు కూడా చెప్పాలి. కారు ఉదయం ఇచ్చి మరునాటి సాయంత్రం తీసుకెళ్లమన్నారు, మా చేతికి వచ్చింది మూడో రోజు మధ్యాహ్నం. గుడ్డ దొరకక ఆలస్యమైందని ఫోను చేసి చెప్పి ఉంటే మా వారు సెలవు పెట్టి రెండుసార్లు తిరగవలసిన పని ఉండేది కాదు. ఎడమ వైపు వెనక మూలలో పైకుట్టు ఒక అంగుళం మేర కొంచెం వంకరగా పోయింది, చెప్పాక ఒప్పుకున్నారు గానీ, విప్పి మళ్లీ కుడితే బెజ్జాలు పెరుగుతాయని వదిలేయమన్నారు. ఆ మాట నిజమే కావచ్చు, నా కన్ను మాత్రం ఇప్పటికీ అక్కడికే పోతుంది. గమ్ వాసన వారం రోజులు వదలలేదు, అద్దాలు దించి నడుపుకోవలసి వచ్చింది. చీటీ మీద మొత్తం రాసిచ్చారు తప్ప సరైన బిల్లు లేదు, ఆఫీసు ఖర్చు కింద చూపించుకోవాలనుకునేవారికి ఇది ఇబ్బంది. ఆ సందులో కారు నిలిపే చోటు కూడా లేదు. మేము కారు అప్పగించి, నేషనల్ కాలేజ్ స్టేషనులో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి హూడికి వచ్చేశాం. దూరం నుంచి వెళ్లేవారికి అదే హాయి.

మొత్తం ఖర్చు 2,600 రూపాయలు: స్పాంజి పనికి 700, కుడి అంచు గుడ్డకూ కుట్టుకూ 900, ఎడమ అంచుకు 500, సీటు విప్పి బిగించినందుకు 500. ముందు మేము చేసిన మూడు పొరపాట్ల మీద దీనికి మూడింతలకు పైగా పోశామని తలచుకుంటే బాధగా ఉంటుంది.

ఇంకొక్క సంగతి, అన్నిటికంటే ముఖ్యమైనది. మా సీటు చక్కగా వచ్చిందని చూసి మా తమ్ముడు తన కొత్త కారును కూడా అక్కడికే తీసుకెళ్లాడు. వాడి సీటు వీపుభాగం పక్కన సిగరెట్ కాలిన చిల్లు ఉంది. ఎవరో స్నేహితుడి పుణ్యం. మేస్త్రీగారు ఆ వీపుభాగం పక్క కుట్టు మీద ఉన్న చిన్న ఎయిర్‌బ్యాగ్ చీటీని వేలితో చూపించి, "దీన్ని నేను ముట్టుకోను సార్, కంపెనీ సర్వీసుకే తీసుకుపోండి" అని పంపేశారు. ఆ సీట్లలో ఎయిర్‌బ్యాగ్ వీపుభాగం పక్కన మడిచి ఉంటుంది. ప్రమాదం జరిగితే అది కనురెప్ప వేసేలోపు బయటకు తన్నుకు రావాలి, అందుకోసం అక్కడి కుట్టును కావాలనే తేలిగ్గా విడిపోయేలా వేస్తారు. ఆ సంగతి తెలియనివారు అక్కడ గట్టి దారంతో కుట్టినా, పక్కభాగం మూసేసే కవరు తొడిగినా, ప్రాణం కాపాడవలసిన సంచికి దారి మూసినట్టే. ఇటువంటి సీటు కింద పసుపు రంగు ప్లగ్గు ఉంటుంది. బ్యాటరీ విప్పకుండా దాన్ని ఎవరూ ఊడదీయకూడదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో ముందు కూర్చునే ఇద్దరికీ సీటు బెల్టు హెచ్చరిక తప్పనిసరైంది గనుక, ఆ తర్వాతి కార్లలో ఎడమ సీటు గుడ్డ కింద మనిషి బరువును పసిగట్టే పలుచని చాప కూడా సాధారణంగా ఉంటుంది, రింగు బిగించేటప్పుడు దానికి గుచ్చుకుంటే మనిషి లేకపోయినా హెచ్చరిక మోగుతూనే ఉండవచ్చు. మీరు వెళ్లే మేస్త్రీ సీటు ముట్టుకోకముందే ఎయిర్‌బ్యాగ్ ఉందా అని అడగకపోతే, దయచేసి అక్కడ పని చేయించుకోవద్దు. చేతికొచ్చిన పనిని కాదని పంపేసిన ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం రెట్టింపైంది.

పని జరిగి ఇప్పటికి ఐదు నెలలు. వానాకాలం కూడా గడిచింది. అంచు కుంగలేదు, ముడత పడలేదు, గుడ్డ మీద నూలుపోగు కూడా లేవలేదు. గమ్ వాసన పోయాక కారులో మళ్లీ అమ్మ పెట్టే మల్లెపూల వాసనే ఉంటోంది. సీటు అప్పగించిన రోజు మేస్త్రీగారు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ముందు రెండు కాళ్లూ బయటపెట్టి, తలుపు పైనున్న పిడి పట్టుకుని లేవమని రెండుసార్లు చేసి చూపించారు. నాన్నగారు అలాగే దిగుతున్నారు, మోకాలికి కూడా హాయిగా ఉందంటున్నారు. నిన్న కారు తుడుస్తుంటే అమ్మ కూర్చునే సీటు ఎడమ అంచులో కుట్టు కొంచెం వదులైనట్టు చేతికి తగిలింది. ఇంకా చిరగలేదు. వచ్చే శనివారం దాన్ని విప్పించి, లోపల కంబళి పట్టీ వేయించడానికి ఆయనకు ఫోను చేసి చెప్పాను.